లోపలి గడియ

బ్రాడీపేటలో నేను దిగిన హోటల్లో గదికి కాఫీ పంపమంటే, "స్టాఫ్ లేరండీ, మీరే కిందికొచ్చి తాగండి" అన్నారు. తడి తువ్వాలు మార్చమంటే ఫోన్ పెట్టేశారు. పొద్దున్నే చిలకలూరిపేట బస్సెక్కాక కూడా నా కోపం చల్లారలేదు. ఆ హోటల్ పేరెత్తి, ఫోన్‌లో మా తమ్ముడితో, బస్సంతా వినేలా తిట్టాను. ఈ ఊళ్లో మర్యాద మంటగలిసిందన్నాను.

పక్క వరుసలో ఒకావిడ నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి అడిగింది.

"ఆ గది తలుపుకి లోపల గడియ ఉందా అండీ?"

"ఉంది. ఏం?"

"నిన్న సాయంత్రం నేనూ అక్కడికే వెళ్లానండీ. ఆధార్ చూపించినా, ఒంటరి ఆడవాళ్లకి రూములివ్వం పొమ్మన్నారు. రాత్రంతా బస్టాండులోనే కూర్చున్నాను."

నేనూ ఒంటరిగానే దిగాను, కానీ మగవాణ్ణి కదా, నన్ను మాత్రం వాళ్లు ఒక్క మాటా అడగలేదు. తాళంచెవి చేతిలో పెట్టారు.

ఆవిడ ఒళ్లో సంచి ఉంది. దాని పట్టీ ఇంకా మణికట్టుకి చుట్టే ఉంది.

"గడియ ఉంటే మంచి గదేనండీ" అని ఆవిడ పట్టీ విప్పుకుని కళ్లు మూసుకుంది.

ఇప్పుడు ఏ హోటల్లోనైనా తువ్వాలు తడిగా ఉన్నా నాకు పట్టదు. లోపల గడియ వేసుకునేటప్పుడు మాత్రం ఒళ్లు మండిపోతుంది.