రెండో కోటు వేయని పలక

ఊపిరి పోసి ఇంతదూరం చెయ్యి పట్టి నడిపించిన ప్రభువుకే స్తోత్రం, మహిమ కలుగుగాక.

మొన్న ఆరాధన అయ్యాక, తిరుమలగిరిలోని మా మందిరంలో కీర్తనల నంబర్లు పెట్టే పాత చెక్క పలకను సంఘపెద్ద ఒకాయన గోడ మీంచి దించి, దీన్ని గీకించి కొత్తగా వార్నిష్ వేయిద్దామా అని అడిగేసరికి, గబగబా వెళ్ళి దాన్ని నా చేతుల్లోకి తీసుకున్నాను.

ఆ పలక మా నాన్న చేసింది. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. నేను బేగంపేటలో కంప్యూటర్ ఉద్యోగంలో కొత్తగా చేరి, సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, ఊళ్ళోవాళ్ళ తలుపులకు రంగులు వేసి మమ్మల్ని పెంచిన నాన్న, వరండాలో ఆ పలకను గరుకు కాగితంతో రుద్దుతూనో, లప్పం పెడుతూనో కనబడేవాడు. నీలం రంగు వేసి, ఆరాక తెల్ల గీతలు దిద్ది, వార్నిష్ మొదటి కోటు వేశాడు. రెండో కోటు పడందే అది పని కిందికే రాదనేవాడు.

ఆ మొదటి కోటు వేసిన సాయంత్రమే మా ఇంట్లో ప్రార్థన కూడిక. మందిరానికి ఏ కొత్త వస్తువు చేసినా దానిమీద చేతులుంచి ప్రార్థించడం మా వాళ్ళ అలవాటు కదా, పాస్టరుగారు లేవకముందే అమ్మ ఆత్రంగా వెళ్ళి అరచెయ్యి ఆనించేసింది.

"అరె, జెర ఆగు! ఇంక ఆరలే!" అన్నాడు నాన్న.

అమ్మ అప్పటికే కళ్ళు మూసుకుంది. "ప్రార్థన సుత ఆరినంకనే చెయ్యాల్నా ఏంది?"

కూడికంతా నవ్వింది. అమ్మ చెయ్యి తీస్తే అయిదు వేళ్ళూ వార్నిష్‌లో అచ్చుపడి ఉన్నాయి. గీకి మళ్ళీ వేస్తాలే అన్నాడు నాన్న. ఆ వారమే అమ్మకు జ్వరం పట్టుకుంది; మరి లేవలేదు.

భూస్థాపన అయిన కొన్నాళ్ళకు నాన్న వార్నిష్ డబ్బా మూత తీసి, పలకమీది ఆ వేళ్ళ అచ్చు చూసి, మళ్ళీ మూసేశాడు. రుద్దనిదే పై కోటు పట్టదు, రుద్దితే అమ్మ చెయ్యి పోతుంది. ఏ పనీ సగంలో వదలని మనిషి ఆ పలకను అలాగే తీసుకెళ్ళి గోడకు తగిలించాడు.

ఇప్పుడు నాన్నా లేడు. పాటలన్నీ తెరమీదే వస్తున్నాయి, నంబరు కోసం తలెత్తి చూసేవారే లేరు. తుడిచి తుడిచి ఆ పలకమీద రెండు వేళ్ళే మిగిలాయి, పైపూత చాలక అంచున చెక్క పగులుతోంది. అయినా, ఇప్పుడే వద్దని పెద్దాయనను బతిమాలి మళ్ళీ తగిలింపజేశాను.

ప్రియులారా, ఆ రెండు వేళ్ళూ చెరిగిపోయిన నాడు, కన్నీళ్ళు పెట్టకుండా నాన్న వేయకుండా వదిలిన రెండో కోటు నా చేతులతోనే వేసే కృప నాకు దొరకాలని మీరూ నాతో కలిసి ప్రార్థించండి.