నేల తాకగానే వదిలేసే చేతులు

విమానం చక్రాలు నేల తాకగానే నా చేతులు దాన్ని నడిపే స్టిక్ ఎందుకు వదిలేస్తున్నాయో మా ఇన్‌స్ట్రక్టర్ మూడు వారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు. అరిచాడు, అంతే. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

విజయనగరం వైపు ఒక ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్‌లో రెండు సీట్ల చిన్న విమానం మీద నేర్చుకుంటున్నాను. మాది కళింగపట్నం, చేపల వేట చేసే ఇల్లు. గాలి ఎడమ నుంచి కొడుతుంటే ముక్కు అటు తిప్పి, అడ్డంగానే కిందికి వచ్చి, నేల దగ్గరయ్యాక ముక్కు తిన్నగా చేసి, ఎడమ రెక్క కాస్త వంచి దించేదాన్ని. అంతవరకూ బాగానే ఉండేది. చక్రాలు తాకేవి, హమ్మయ్య అని స్టిక్ వదిలేసేదాన్ని. వెంటనే గాలి ఎడమ రెక్కను పైకి లేపేది. ఆయన స్టిక్ లాక్కుని, ‘చూసుకో! చూసుకో!’ అని చెవులు చిల్లులు పడేలా అరిచేవాడు. ఏం చూసుకోవాలో చెప్పి చావడు.

చివరికి ఒక శనివారం, ‘ఇది వల లాగడం కాదమ్మా! ఇంకొక్కసారి ఇలా చేశావంటే ఒంటరిగా ఎగరడానికి పనికిరావని రాసేస్తా’ అన్నాడు. మధ్యలో మా వల ఊసు ఆయనకెందుకు? అలా రాశాడంటే నా చదువు అక్కడితో సరి.

మర్నాడు ఊరెళ్లాను. మా అయ్య పడవ పక్కగాలిలోనే ఒడ్డుకు వస్తోంది. ముక్కు గాలి వైపు పెట్టి, అలల మీద అడ్డంగా వచ్చి, చివర్లో తిన్నగా తిప్పాడు. పడవ అడుగు ఇసుకకు తగిలిందో లేదో, చుక్కాని తెడ్డు చటుక్కున పైకి లాగేశాడు. లాగకపోతే అది ఇసుకలో దిగబడి విరుగుతుంది, పట్టుకున్నవాడి పక్కటెముకలూ విరుగుతాయి. చిన్నప్పుడు తెడ్డు లాగడం ఆలస్యమైతే నా వీపు మీద ఒక్కటి పడేది. నేల తగిలితే వదిలెయ్యాలని నా చేతులకు అలా పట్టేసింది.

‘నీవల్లే అయ్యా నా సదువు సెడిపోతన్నాది!’ అని విరుచుకుపడ్డాను.

‘నానేటి సేసినానే?’ అన్నాడు. ఫోన్‌లో నా విమానం దిగే వీడియో చూపించి అంతా చెప్పాను. ‘పడవ ఇసక మీద కూకుంటే గాలి దాన్నేటీ సెయ్యనేదు. నీ దానికి రెక్కలున్నాయి గదే! అది ఆగినదాకా వదలకు. ఆ సారు సెప్పనేదేటి?’

చెప్పలేదు. మూడు వారాల అరుపుల్లో ఆ ఒక్క ముక్క లేదు! ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు నాకు.

సోమవారం అదే గాలి. చక్రాలు తాకాయి. స్టిక్ ఎడమకే వంచి, వేగం తగ్గేకొద్దీ ఇంకా వంచి, విమానం పూర్తిగా ఆగేదాకా పట్టుకునే ఉన్నాను. రెక్క కదల్లేదు. ‘చూశావా, తిడితేనే వస్తుంది నీకు’ అన్నాడాయన. పళ్లు కొరుక్కున్నాను.

సాయంత్రం గాలి తగ్గాక ఆయన దిగిపోయి, ‘వెళ్లు, ఒక్కదానివే’ అన్నాడు. మొదటిసారి ఒంటరిగా ఎగిరేవాళ్లకు భయమేస్తుందంటారు. నాకెక్కడి భయం? పైకి వెళ్లగానే పక్కనున్న ఖాళీ సీటు వైపు తిరిగి, మూడు వారాలుగా మింగినవన్నీ మా రేవు భాషలో, గొంతు బొంగురుపోయేదాకా తిట్టాను.

దిగాక ఆయన చెయ్యి కలిపి, ‘ఎలా ఉంది?’ అని అడిగాడు. గొంతు పెగల్లేదు. సంతోషం పట్టలేకపోతున్నానని అనుకున్నాడు.