ఇరవై సీసాలుంటేనే బండి

సింకులో నీళ్లు గుడగుడమంటూ దిగిపోయే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. పులివెందులలో నా సొంత దంతవైద్యశాల పెట్టి ఇన్నేళ్లయినా అంతే. చదువు అయిపోయి, ప్రొద్దుటూరులో సుగుణమ్మ డాక్టరు దగ్గర చేరిన మొదటిరోజు నేను వెలగబెట్టిన ఘనకార్యం అలాంటిది. పంటిలో నింపగా మిగిలిన వెండి ఫిల్లింగు ముక్కల్ని, అదే శుభ్రత అనుకుని, సింకులో కడిగేశాను.

"ఆ నీళ్లు యాడికి పోతాండాయి పాపా?" అని అడిగారు మేడమ్.

"కాలవలోకి మేడమ్."

"కాలవ యాడికి పోతాది?"

"పెన్నకు."

"ఆ ముక్కల్లో సగం పాదరసమే. పెన్న నీళ్లు తాగేది మనమే గదా!"

మేడమ్ కొంగు బొడ్లో దోపుకుని, సింకు కింద మోకాళ్లమీద కూర్చుని, గొట్టం వంపు విప్పి నా ముక్కల్ని ఏరారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆనాటి నుంచి ప్రతి ముక్కా గట్టి మూత ఉన్న సీసాలోకే వెళ్లింది.

నాలుగు సీసాలు నిండాయి. ప్రమాదకరమైన చెత్త తీసుకెళ్లే కంపెనీవాళ్లేమో, ఇరవై సీసాలుంటేనే అంతదూరం బండి పంపుతామన్నారు. బండి రాకపోతే ఆ పాదరసం ఏదో ఒకనాడు చెత్తకుప్పలో పడాల్సిందే. మేడమ్‌కు అది సుతరామూ ఇష్టం లేదు. ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి, జమ్మలమడుగు, పులివెందులల్లో ఉన్న పళ్ల డాక్టర్లందరి దగ్గరికీ, వాళ్ల ముక్కలూ సీసాల్లో దాచి ఇమ్మని అడుగుతూ తిరిగారు.

జమ్మలమడుగులో ఒక పెద్ద డాక్టరు పకపకా నవ్వారు. "ఏందమ్మా, ఆవగింజంత దానికి ఇంత రాద్ధాంతమా?"

"రోజూ ఆవగింజే గదా సార్. ఎన్నేండ్ల నుంచి పోస్తాండారు?"

ఆయన ముఖం మాడిపోయింది. పొమ్మనలేదు, అదే పదివేలు! బయటికొచ్చాక, "వీళ్లెవరూ ఇయ్యరు మేడమ్" అని నీరుగారిపోయాను.

"ఇయ్యకుంటే మల్లా వస్తాం. మన కాళ్లేమన్నా అరిగిపోతాయా?" అన్నారావిడ.

మళ్లీ వెళ్లాం. ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాం. ఒక్కో డాక్టరూ ఒక్కో సీసా పెట్టడం మొదలుపెట్టారు. నిండినవి మా క్లినిక్కుకు చేర్చి, ఇరవై అవుతాయన్న ధైర్యంతో మేడమ్ బండిని పిలిపించారు. తీరా లెక్కపెడితే పదిహేడే! డ్రైవరు గొణుగుతుండగా ఆటోలోంచి ఆ జమ్మలమడుగు పెద్దాయన దిగారు, చేతుల్లో అట్టపెట్టెతో.

"ఐదుండాయి తల్లీ. మా ఊర్లో అందర్నీ నేనే అడిగి తెచ్చినా" అన్నారు.

మేడమ్ నడిరోడ్డుమీద ఈల వేశారు! అంత పెద్దావిడ ఈల వేయగలరని నాకు అప్పుడే తెలిసింది. నేను ఏడ్చేశాను.

ఆవిడ ఇప్పుడు లేరు. బండి మాత్రం ఏటా వస్తోంది, పిలిచేది నేనే. కాదన్నవాళ్ల గుమ్మం రెండోసారి ఎక్కడానికి నాకు సిగ్గు వెయ్యదు. పోయిన నెల వేములలో కొత్తగా క్లినిక్కు పెట్టిన డాక్టరు, కుదరదు పొమ్మన్నాడు. రేపు ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.