జేజి మోకాళ్ళ నొప్పి

మొన్న ధర్మవరం బస్సు కోసం అనంతపురం బైపాసు వంతెన కింద నిలబడి ఉంటే, గాలి ఒక్కసారి తిరిగి, పసుపు నీళ్ళలో ముంచిన బట్టకు చెమట పట్టి ఆరితే వచ్చే వాసన, దాని వెనకే అరికాళ్ళకు పట్టించిన ఆముదం వాసన ముక్కుకు తగిలాయి. తిరిగి చూస్తే తిరుమలకు నడిచిపోతున్న వాళ్ళు కొందరు వంతెన స్తంభాలకు వీపులు ఆనించి, కాళ్ళు చాపుకొని, బొరుగులు తింటున్నారు. అలాంటివాళ్ళను చూస్తే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. నాకు మాత్రం వీళ్ళలో ఎవరు ఎవరిని కాపలా కాస్తున్నారో అనిపించి, ఒక్కొక్కరి మొహం పరీక్షగా చూడటం మొదలుపెట్టాను. ఏం చేసేది, అది మా జేజి ఇచ్చిన బుద్ధి, ఈ జన్మకు పోదు.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. అనుమానప్పక్షి అనే మాట ఆమెను చూశాకే పుట్టి ఉంటుందని మా ఇంట్లో అనుకొనేవాళ్ళం. పాలు పోసే ఆమె వస్తే పాలకంటే ముందు ఆమె చేతివేళ్ళు తడిగా ఉన్నాయేమో చూసేది. చెనిక్కాయలు కొనడానికి వచ్చిన వ్యాపారి నవ్వితే, "ఊరికే నవ్వేటోడు ఊరికే పోడప్పా" అని నాయనను లోపలికి పిలిచి హెచ్చరించేది. పొరుగింటివాళ్ళు ఓళిగలు, అదే బొబ్బట్లు, పంపిస్తే ఒకటి తుంచి వాసన చూసి, ఇంతకూ వీళ్ళకు మనతో ఏం పని పడిందో అని సాయంత్రందాకా ఆలోచించేది. ఆకాశం నల్లబడినా నమ్మేది కాదు. దానికి మాత్రం ఆమెను తప్పుపట్టలేం, మా సీమలో మబ్బు మా నెత్తిన ఉరిమి పక్క జిల్లాలో కురవడం అందరమూ చూసిందే.

ఆ జేజికీ మా అమ్మ పుట్టింటికీ ఉప్పూ నిప్పూ. మా చిన్నమ్మ పెళ్ళిలో విస్తళ్ళు వేసి నీళ్ళు చల్లినాక, మగపెళ్ళివారు ఆకలిగా ఉన్నారని, పంక్తిలో కూర్చున్న మా జేజిని లేపారు. లేపింది మా అబ్బే, అంటే మా అమ్మ నాయన. ఆయన ఏదో చనువుకొద్దీ "రెండో పంక్తిలో కూసుందువు లేమ్మా" అన్నాడట. జేజి లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కి వచ్చేసింది. ఆ రోజు నుంచి మా అమ్మకు పుట్టింటి దావ మూసుకుపోయింది. "నేను బతికుండంగా నువ్వు ఆ గడప తొక్కితే, ఈ గడప మర్సిపో" అని జేజి తేల్చి చెప్పేసింది. మా నాయన ఏమీ అనలేదు. విత్తనం వేసేటప్పుడు తప్ప ఆయన ఏ విషయంలోనూ ఏమీ అనేవాడు కాదు.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు, వానాకాలంలో విషజ్వరం వచ్చి, ఇక దక్కదనుకొన్నాక తగ్గింది. అది జరిగిన చాన్నాళ్ళకు, చలికాలం మొదట్లో, ఊరూరూ తిరిగి గాజులమ్మే ఒకామె మా అమ్మ చేతికి గాజులు ఎక్కిస్తూ, తల వంచుకొనే, "మీ నాయనకు ఆయాసం ఎక్కువైందమ్మా, పండుకోల్యాక కూసోనే ఉంటాండాడు, నిన్నే తలుస్తాండాడు" అని చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రమే అమ్మ, నా జ్వరం తగ్గితే కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాననీ, ధనుర్మాసంలో మా ఊరివాళ్ళు నడిచేటప్పుడు తనూ పోవాలనీ బయటపెట్టింది. ఆ నడక దావ కదిరి దాటాక మా అబ్బ ఊరి పక్కనుంచే పోతుంది. ఇంక జేజి ఊరుకుంటుందా!

"జరం తగ్గింది వానల్లో. మొక్కు యాదికొచ్చింది గాజులామె పోయినాక. బాగుండాది లెక్క," అంది. కానీ మొక్కును కాదనడమంటే దేవుడితోనే పెట్టుకోవడం. అందుకు ఆమెకు ధైర్యం లేదు. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే తన చీరలు రెండు పసుపు నీళ్ళలో ముంచి ఆరేసి, "నేనూ వస్తాండా" అంది. ఎవరి పేరున మొక్కు పడిందో ఆ పిల్ల లేకుండా ఎట్లా అని నన్నూ బయల్దేరదీశారు. మా అమ్మకు తండ్రిని బతికుండగా ఒకసారి చూడాలి. మా జేజికి ఆ చూపు పడనివ్వకూడదు. వాళ్ళిద్దరి నడుమ గోవిందా గోవిందా అనుకుంటూ నేను నడవాలి.

మమ్మల్ని నడిపించేది దాసప్ప. ముందర దీపం సెమ్మె పట్టుకొని, మెడలో శంఖం, చేతిలో జేగంటతో నడిచే ఆ ముసలాయన మాటే దావలో చట్టం. చెప్పులు వెయ్యకూడదు. దావలో ఎవరికీ పేరు లేదు, ఊరు లేదు, వరస లేదు, అందరూ గోవిందాలే. ఎంత దగ్గరి చుట్టం ఇల్లయినా సరే, గడప తొక్కితే మొక్కు చెడిపోతుంది. మేము ఎక్కడైనా ఆగి దాసప్ప శంఖం ఊదితే, కొండకు పోలేని పక్క ఊరివాళ్ళు బిందెలతో రోడ్డు మీదికి వచ్చి మా కాళ్ళు కడిగి ఆ పుణ్యం పంచుకొనేవాళ్ళు. కడుగుతామని వచ్చిన వాళ్ళను కాదనకూడదు, మీరెవరని అడగకూడదు. గడప సంగతి విన్నప్పుడు జేజి మొహం విచ్చుకుంది. అమ్మ మాత్రం విననట్టు నా జడ గట్టిగా బిగించింది.

కోడి కూయకముందే శంఖం మోగేది. బడి వరండాలోనో, రైసుమిల్లు అరుగుమీదో ముడుచుకొని పడుకున్న మేము లేచి, ఎవరి తోటలోనో పోస్తున్న మోటారు నీళ్ళ కింద నిలబడి, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా పసుపు చీరలు చుట్టుకొని బయల్దేరేవాళ్ళం. తెల్లారేదాకా తారురోడ్డు పాము ఒళ్ళులా చల్లగా ఉండేది, పొద్దెక్కేసరికి అదే రోడ్డు పెనం అయిపోతే అంచున మట్టిలో నడవబోయి తుమ్మముల్లు తొక్కేవాళ్ళం. చింతచెట్టు కనిపించిన చోట మూడు రాళ్ళు పెట్టి వండుకొనేవాళ్ళం, దావలో ఎవరో ఒడినిండా పోసిన పచ్చి అనపకాయలు వలిచి, గింజలు నానేసి, తోలు పితికి చేసిన పితికిపప్పు, దానికి తోడు వేడి సంగటి, లేని రోజున సజ్జపిండితో కొట్టిన సద్దరొట్టె, చెనిక్కాయలు నూరిన ఊరిమిండి పచ్చడి. కూర ఉడికేలోగా నేను గులకరాళ్ళు ఏరుకొని ఒక్కదాన్నే అచ్చనగాయలు ఆడుకొనేదాన్ని. పొద్దు వాలాక అరికాళ్ళ బొబ్బలకు సూదిలో నూలుదారం ఎక్కించి ఇటునుంచి అటు దూర్చి, నీరు కారిపోయాక ఆముదం రాసుకొని, భజన పాడుతూనే కునికేవాళ్ళం.

జేజి కునికేది కాదు. ఆమె ఒక చేతిలో మూటనూ, ఇంకో చేతిలో మా అమ్మ కొంగు చివరనూ పట్టుకొని పడుకొనేది. దావపొడుగునా ఆమె అనుమానాలకు మేతే మేత. ముక్కూమొహం తెలియనివాళ్ళు తెచ్చిన మజ్జిగను ముందు దాసప్ప తాగి బతికి ఉంటేనే తను తాగేది. రోడ్డు పక్క మైలురాయి చూసి, "నిన్న సూసిన రాయి గూడా ఇదే దూరం చెప్పె, ఇది గూడా అబద్దాలకు దిగింది" అనేది. అమ్మ బహిర్భూమికి పోతే నన్ను వెంట పంపేది. కోడలిని గోవిందా అని పిలవాల్సి రావడం ఆమెకు పెద్ద శిక్ష. "ఏమే గోవిందా, ఉప్పు కొండంత ఏసినావే!" అని కసురుకొని, వెంటనే లెంపలు వేసుకొనేది. అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ నవ్వేది కాదు. ఆమె నన్ను చూసే చూపులోనూ అనుమానమే, ఈ పిల్ల జేజికి ఏ మాటలు మోస్తున్నదో అని. నేను ఇద్దరి మొహాలూ చూస్తూ, ఏ పూట ఏమి జరుగుతుందో తెలియక, వాళ్ళ నడుమ నడిచేదాన్ని.

కదిరిలో గుడి దగ్గర అమ్మ కలకండ కొని నడుముకు దోపుకుంది. "ఎవురికే అది?" అంది జేజి. "పాప దగ్గుతాంది గద గోవిందా," అంది అమ్మ. నేను దగ్గలేదు. జేజి నా మొహం చూసింది. నేను అచ్చనగాయల రాళ్ళు లెక్కచూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. ఆ పూట నుంచి అమ్మ అడుగు వడిగా పడితే జేజి అడుగు వడిగా పడేది, అమ్మ వెనకబడితే జేజి వెనకబడేది, ఎద్దుల జతలా ఇద్దరూ ఒకే కాడి కింద నడిచారు.

అబ్బ ఊరు రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. దాసప్ప అక్కడ ఏనాడూ ఆగేవాడు కాదు. నీడ లేదు, నీళ్ళ తావు లేదు, రోడ్డు కింద వాననీళ్ళు పోయే మోరీకి గోడ ఒకటి, దాని పక్కనుంచి ఊళ్ళోకి బండిదావ. ఆ దావ కనపడగానే అమ్మ నడక తడబడింది. చెట్ల సందున కనిపించే మిద్దెలకేసి చూసి, గుక్కపట్టి, కొంగు నోట్లో కుక్కుకొని, ఆగకుండా నడవసాగింది. నేను జేజి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, ఇప్పుడు అమ్మ పరిగెత్తితే ఏమవుతుందో అని. సరిగ్గా అప్పుడు జేజి నా చెయ్యి విడిపించుకొని మోరీ గోడమీద కూలబడింది.

"నా మోకాళ్ళు పట్టుకున్యాయప్పా. నేను లేయలేను. ఆపు గోవిందా" అని దాసప్పను కేకేసింది.

అమ్మ నిలబడిపోయింది. ఇది ఏ ఎత్తో ఆమెకూ అర్థం కాలేదు, నాకూ కాలేదు. దొంగను పట్టుకోవడానికి తలుపు తెరిచిపెట్టినట్టు, కోడలు ఊళ్ళోకి పోతుందో లేదో చూడటానికే కూర్చుందనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకొని ఉంటుంది, రోడ్డు నడిమధ్య కదలకుండా నిలబడి, బండిదావకేసి వీపు పెట్టుకొని జేజినే చూసింది. ఇంతలో దాసప్ప శంఖం అందుకొని ఊదాడు.

ఊళ్ళోంచి జనం బిందెలతో వచ్చారు. వాళ్ళ వెనక ఎవరో ఆడమనిషి భుజం పట్టుకొని, రెండడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, ఒక ముసలాయన వచ్చాడు. చిక్కి సగమైపోయాడు, నేను గుర్తుపట్టలేదు. అమ్మ పెదవులు వణకడం చూసి అబ్బ అని తెలుసుకున్నాను. ఆయన వరసలో మొదటివాళ్ళ దగ్గరే కూలబడి, చెంబుతో నీళ్ళు పోసి కాళ్ళు కడుగుతూ, చతికిలబడే జరుగుతూ అమ్మ దగ్గరికి వచ్చాడు. పాదాల మీద నీళ్ళు పోశాడు. బొబ్బలు చూసి ఆగి, వేలితో తడిమాడు.

"శానా దూరం నడిసినావు గోవిందా."

"బాగుండావా గోవిందా?" అంది అమ్మ.

"ఇప్పుడు బాగుండాను గోవిందా."

అమ్మ వంగి నడుములోని కలకండ పొట్లం తీసి ఆయన గుప్పిట్లో పెట్టి, గుప్పిట మూసి, కొంచెంసేపు విడవలేదు. నేను భయంభయంగా జేజి వైపు చూశాను. ఆమె ఆకాశంలోకి చూస్తోంది, మబ్బు తునక కూడా లేని ఆకాశంలోకి. తర్వాత అబ్బ ఆమె దగ్గరికే వచ్చాడు. తలెత్తి ఎవరో చూశాడు. చెంబు చేతిలో ఆగిపోయింది. జేజి పాదాలు వెనక్కి తీసుకుంటుందనుకున్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు పైకెత్తి రెండు పాదాలూ ముందుకు చాపింది. ఆయన కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు. "గోవిందా" అన్నాడాయన. "గోవిందా" అంది జేజి. పంక్తిలో లేచిన నాటి నుంచి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాట అదొక్కటే. ఆ వెంటనే ఆమె లేచి, కర్ర కూడా అందుకోకుండా, అందరికంటే ముందు నడిచింది. ఆమెకు మోకాళ్ళు నొస్తాయని నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

మేము కొండ ఎక్కి దిగి ఇల్లు చేరిన కొద్దిరోజులకే అబ్బ పోయాడని కబురొచ్చింది. జేజి తను పోలేదు గానీ, అమ్మనూ నాయననూ ఉన్నపళంగా బస్సెక్కించింది. మోరీ దగ్గర జరిగిన సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు నాలుగు వరసలయింది. మోరీ మట్టి కింద పోయింది, ఊరికీ రోడ్డుకూ నడుమ ఇనుప కంచె వేశారు, శంఖం ఊదినా ఎవరూ దాటి రాలేరు. నడిచేవాళ్ళకు మేజోళ్ళు, బూట్లు, ముందర మైకు బండి, వెనక నీళ్ళ సీసాల బండి. ఊళ్ళల్లో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం కొట్లాడుకొనేచోట ఇంకొకరి కాళ్ళమీద బిందెడు నీళ్ళు ఎవరు పోస్తారు! ఒకర్నొకరు గోవిందా అని పిలుచుకోవడం కూడా తగ్గింది, వంతెన కింద కూర్చున్నవాళ్ళు పేర్లు పెట్టే పిలుచుకుంటున్నారు.

ఆ రోజు ధర్మవరం చేరి, తమ్ముడి ఇంట్లో చెనిక్కాయలు వలుస్తున్న అమ్మ పక్కన కూర్చొని, ఇన్నేళ్ళూ గొంతులో ఉన్న మాట అడిగేశాను, జేజి ఆ రోజు నిన్ను పట్టుకోవడానికి కూర్చుందా, లేక కావాలనే కూర్చుందా అని.

అమ్మ చేతిలోని కాయ వలిచి, గింజ నోట్లో వేసుకొని, నింపాదిగా నమిలింది.

"శంఖం ఊదమని దాసప్పకు సైగ చేసింది ఆ యమ్మే. నేను సూసినా."

"మరి ఒక్కసారన్నా అడగలేదా ఆమెను?"

"అడిగితే లేదంటాది, ఆ యమ్మ సంగతి నీకు తెలీదా. లేదనిందంటే ఇంగ నాకేం మిగుల్తాదే?"