తెల్లగుడ్డ కింద లేత్ మిషన్

ఆ కాలేజీలో అందరూ ఆయన్ని తాళాలయ్య అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల రిజిస్టరులో తప్ప మరెక్కడా వినపడేది కాదు. ఇరవై ఆరేళ్ళుగా వర్క్‌షాపు తాళాలు ఆయన మొలలోనే ఉన్నాయి. ఆ తాళాలు చూసుకుని ఆయనకి కాస్త పొగరు కూడా ఉండేది.

పెద్ద చదువుల్ని బాగుచేస్తే దేశం బాగుపడుతుందని పైవాళ్ళకి జ్ఞానోదయమైన ఏడాది, ఇనుప కడ్డీలను చెక్కే పెద్ద లేత్ మిషన్ ఒకటి కాలేజీకి వచ్చింది. ప్రిన్సిపాల్ ఆయన్ని పిలిచాడు.

"తనిఖీకొచ్చే కమిటీవాళ్ళు దీన్ని చూసే మనకి గ్రేడిస్తారయ్యా. పిల్లల్ని చెయ్యి వెయ్యనిచ్చావో, నీ ఉద్యోగం గోవిందా!"

తాళాలయ్య దాన్ని కంటికి రెప్పలా కాపాడాడు. తెల్లగుడ్డ కప్పాడు, చుట్టూ తాడు కట్టాడు, రోజూ తుడిచాడు. పదకొండేళ్ళలో మూడు కమిటీలు వచ్చాయి. మూడూ గుడ్డ ఎత్తి చూసి, భేషని రాసి, భోజనాలకి వెళ్ళిపోయాయి. పిల్లలు మాత్రం పాత బ్యాచి రికార్డులు చూసి లేత్ బొమ్మలు దించేవారు. ప్రతి పేజీ మీదా "ప్రయోగం పూర్తయింది" అని ముద్ర వేసేది తాళాలయ్యే. ఒక్కరోజే రెండొందల ముద్రలు వేశానని, చెయ్యి పీకేస్తోందని ఇంట్లో గొప్పలు పోయేవాడు. సిగ్గులేని గొప్పలు!

ఆయన ఒక్కగానొక్క కూతురు అదే కాలేజీలో చదివి మొదటి ర్యాంకు తెచ్చుకుంది. ఒక ఫ్యాక్టరీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. అక్కడి ఫోర్‌మన్ ఆమె సర్టిఫికెట్లు పక్కనపెట్టి, ఇనుప కడ్డీ ఒకటి చేతికిచ్చి, "దీని మందం రెండు మిల్లీమీటర్లు తగ్గించమ్మా" అన్నాడు. ఆ పిల్లకి మిషన్ ఎక్కడ ఆన్ చెయ్యాలో కూడా తెలియలేదు. ఫోర్‌మన్ మనసున్నవాడు కాబట్టి, సోమవారం మళ్ళీ వచ్చి చేసి చూపించమన్నాడు.

"పుస్తకమంతా నోటికొచ్చు నాన్నా. కాస్త చెయ్యి తిరిగితే చాలు. నువ్వు తాళం తియ్యి" అంది ఇంటికొచ్చి.

తాళాలయ్యకి ప్రిన్సిపాల్ మాట గుర్తొచ్చింది. అయినా కూతురి కోసం తెగించి, ఆదివారం మధ్యాహ్నం ఎవరూ లేని వేళ వర్క్‌షాపు తెరిచాడు. తాడు విప్పి, గుడ్డ తీశాడు. ఆమె స్విచ్ వెతికి నొక్కింది. మిషన్ ఉలకలేదు, పలకలేదు.

ఇద్దరూ గోడవైపు దూరి చూశారు. కరెంటు తీగ చుట్ట చుట్టినట్టే పడి ఉంది. కంపెనీవాళ్ళు దాని కొసకి కట్టిన ప్లాస్టిక్ కవరు కూడా ఊడలేదు. అసలు కనెక్షనే ఇవ్వలేదు.

"రోజూ తుడుస్తావు కదా నాన్నా, ఇది కనపడలేదా?"

"వెనకవైపు కమిటీవాళ్ళు చూడరమ్మా" అన్నాడు. నోరు జారాక గానీ ఏమన్నాడో ఆయనకి అర్థం కాలేదు.

కూతురు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. సంచిలోంచి తన రికార్డు తీసి, లేత్ బొమ్మ ఉన్న పేజీ ఆయన ముందు పెట్టి బయటికి వెళ్ళిపోయింది. ముద్ర ఎక్కడా చెదరకుండా నిండుగా ఉంది. కూతురి పుస్తకమని ఆరోజు ఆయన ప్రత్యేకంగా జాగ్రత్త తీసుకుని వేశాడు.

సోమవారం ఆమె ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. ఆయన మాత్రం కాలేజీకి వెళ్ళాడు. నాలుగో కమిటీ వస్తోందని ప్రిన్సిపాల్ కబురు పెట్టాడు. తాళాలయ్య గుడ్డ తీసి మిషన్ తుడవడం మొదలుపెట్టాడు. ఈసారి వెనకవైపు కూడా తుడిచాడు.