స్పాంజి పిస్తోలు

పిస్తోలును నేనింతవరకు కళ్ళతో చూడలేదు. చూడకుండానే దానికి ఇల్లు కట్టాను.

బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో, కార్ల సీట్లకు కవర్లు కుట్టే షాపులో నా పని. ఏడో తరగతిలో నేనూ లెక్కల మాస్టారూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. బడి ఆయనకు వదిలేసి నేను కత్తెర పట్టుకున్నాను. ఇప్పుడు నా కోత చూస్తే ఆయనే ఆశ్చర్యపోతాడు, కొలతలో నూలుపోగంత తేడా రాదు.

ఒకరోజు పొద్దున ఒక ముసలాయన షాపుకొచ్చాడు. ఈ దేశపు మనిషి. తెల్లటి పొడవాటి అంగీ, చేతిలో నాలుగు మడతల కాగితం. కాగితం మీద పెన్సిలుతో ఏదో ఆకారం గీసి ఉంది. తోలు పెట్టె కావాలన్నాడు. లోపల స్పాంజిలో సరిగ్గా ఆ ఆకారమంత గుంట ఉండాలి, వస్తువు అందులో కదలకుండా కూర్చోవాలి. పనిచోట అందరం మాట్లాడుకునే హిందీలోనే చెప్పాడు.

"వస్తువు తెస్తే కొలత బాగా వస్తుంది బాబా," అన్నాను.

"వస్తువు రాదు. కాగితమే వస్తుంది."

ఆది జాకెట్టు ఇవ్వకుండా కొత్తది కుట్టమన్నట్టుంది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పాక అదేమిటో అర్థమైంది. నా మొహం చూసి ఆయన చిన్నగా నవ్వాడు. లైసెన్సు తన పేరున ఉందట. తన చెయ్యి దాటి నా చేతికొస్తే ఇద్దరికీ తప్పేనట. బయటినుంచి వచ్చి ఇక్కడ పని చేసుకునే మాలాంటివాళ్ళు ఆ ఊసే ఎత్తకూడదట.

పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చున్నాడు. నోరు ఊరుకోక, ఇంత చిన్నది తీసుకున్నారెందుకని అడిగాను. వయసులో ఉండగా గురి చూసి కాల్చడానికి పెద్దదే ఉండేదట. ఇప్పుడు మణికట్టు ఆ బరువు మోయడంలేదు.

"చిన్నది తేలికే రఫీక్. కానీ చేతిలో ఎక్కువ ఎగురుతుంది. దాచుకోవడానికి సుఖం, కాల్చడానికి కష్టం. కొనేవాడు మొదటి మాటే వింటాడు." రఫీక్ నా పేరు కాదు, నేస్తం అని; ఇక్కడివాళ్ళు మమ్మల్నందరినీ అలాగే పిలుస్తారు.

గుంట సరిపోయిందో లేదో తెలియాలి కదా. వృథా స్పాంజిలోంచి ఆ ఆకారాన్నే కోసి గుంటలో పెట్టి చూశాను. చక్కగా కూర్చుంది. ముసలాయన పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. స్పాంజి పిస్తోలు నా దగ్గర మిగిలింది. దానికి నల్ల రెక్సిన్ తొడిగి సాయంత్రం మేం ఉండే లేబర్ క్యాంపుకి తీసుకెళ్ళాను. గదిలో ఆరుగురం. నవ్వించడం నాకు జీతం లేని డ్యూటీ.

మా గదిలో అందరికంటే పెద్దవాడిని అన్న అని పిలిచేవాళ్ళం. జగిత్యాల వైపు మనిషి. మా షాపు పక్కనే కార్లకు రంగు కొట్టే పని ఆయనది. మూడు వారాల్లో సెలవు మీద ఇంటికెళ్ళాలి. మంచం కింద కార్టన్ అప్పటికే సగం నిండింది.

ఆ కార్టన్ చూసినప్పుడల్లా మాలో ఎవరికైనా కడుపు నిండినట్టుంటుంది. దుబాయి మనిషి, మేం బహ్రెయిన్‌లో ఉన్నా ఊరివాళ్ళకు దుబాయి మనుషులమే, ఇంట్లో ఏ లోటున్నా వస్తువుతో పూడుస్తాడు. చీకటికి ఛార్జింగ్ లైటు, మోకాళ్ళకు బామ్, చలికి రగ్గు. మనిషి తప్ప అన్నీ పంపిస్తాడు.

అన్న ఇంట్లో ఆ ఏడాది వచ్చిన లోటు వేరు. ఆయనకు రెండెకరాల పొలం, అందులో ఒక బోరు. పక్క పొలం పెదనాన్న కొడుకుది. ఆ మనిషి హద్దు రాళ్ళు పీకి బోరుకు ఇవతల పాతుకున్నాడు. మోటారు వైరు కోసేశాడు. వదిన వెళ్ళి అడిగితే పొలం గట్టు మీద నిలబడి, "నీ మొగడు దుబాయిల ఉన్నడు గదా, పిలువు, వస్తడేమో సూద్దాం," అన్నాడట. ఆ మాట వదిన ఫోనులో చెప్పిన రోజు నుంచి అన్న అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు.

అలాంటి మనిషి ముందు నేను రెక్సిన్ పిస్తోలు పెట్టాను.

"ఏందిరా గది?"

"పిస్తోలన్నా. లైసెన్సు లేదు, గుళ్ళు లేవు. తలకింద పెట్టుకుంటే నిద్ర మాత్రం పడుతుంది."

చాలా రోజుల తర్వాత నవ్వాడు. చేతిలోకి తీసుకుని నొక్కి చూశాడు.

"గింతేనా ఉండేది? చిటికెన వేలు ఆనుతనే లేదు."

"చిటికెన వేలికి పనేంటన్నా, అది టీ తాగేటప్పుడు పైకెత్తడానికేగా."

"ఇంకో సైజు కోస్తవా, సూద్దాం?"

నవ్వాడన్న సంతోషంలో కోశాను. ఆ వారమంతా దుకాణదారు వేషం వేశాను. పెద్దది, నడిమిది, చిన్నది, మూడూ మంచం మీద పరిచి బేరం పెట్టాను. ముసలాయన దగ్గర విన్న మాటలన్నీ నేనే కనిపెట్టినట్టు చెప్పాను. పెద్దదైతే చెయ్యి కుదురుగా ఉంటుంది కానీ చొక్కా కింద గర్భిణిలా కనిపిస్తుంది. చిన్నదైతే జేబులో పడుతుంది కానీ పేలినప్పుడు కోడిపిల్లలా ఎగురుతుంది. గదంతా నవ్వింది. అన్న మాత్రం ఒక్కో దాన్నీ పట్టుకుని, నడుము దగ్గర దోపుకుని, కూర్చుని, లేచి చూశాడు. చెప్పులు కొనేవాడు నాలుగడుగులు వేసి చూస్తాడే, అలా. చివరికి నడిమిది ఎంచుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం. బట్టలు ఉతుక్కుని గదిలో ఆరేసుకున్నాం. అన్న నడిమి పిస్తోలు తీసి, మేకుకు వేలాడుతున్న తడి చొక్కాకి గురిపెట్టాడు. మోచెయ్యి తిన్నగా ఉంది. ముందు అందరం నవ్వాం. ఎంతసేపటికీ దించలేదు. ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. రంగు కొట్టేవాడి చెయ్యి మామూలుగా సన్నగా వణుకుతుంది. ఆ చెయ్యి ఆ రోజు వణకలేదు.

"దించన్నా," అన్నాను.

దించాడు. మెల్లగా నాతో అన్నాడు: "మాట్లాడిన తమ్మీ. ఊరికి వోంగనే ఇస్తనన్నడు ఒకడు. నాటుది. గిదే సైజు జెప్పిన."

 ఆ వారమంతా వాగింది నేనే. పెద్దది మంచిదా, చిన్నది మంచిదా అని ఆయన నన్ను నిజంగానే అడిగాడు. నేను నవ్వుకోవడానికి చెప్పాను. సైజు నేనే కోసిచ్చాను.

"ఇంట్ల వెడత," అన్నాడు. "నేను లేకున్న అది ఉంటది. వాడు గడప తొక్కడు."

అప్పుడు అర్థమైంది. ఆయన ఆ కార్టన్‌లో లేని ఒక్క వస్తువు కోసం చూస్తున్నాడు. లైటు కొన్నట్టే, రగ్గు కొన్నట్టే. తాను ఇక్కడుంటే తన బదులు అది అక్కడ ఉంటుందని.

నా మాటకు ఆ గదిలో నవ్వే తప్ప విలువ లేదు. అందుకని మరుసటి శుక్రవారం అన్నను ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటకు తీసుకెళ్ళాను. అక్కడ ఒక బిల్డింగుకు కాపలా ఉండే శ్రీకాకుళం పెద్దాయన ఉన్నాడు. మిలిటరీలో చేసి వచ్చినవాడు, ఇక్కడికొచ్చేముందు ఊళ్ళో సొంత తుపాకీతో బ్యాంకు గార్డుగా చేశాడు. తెలుగు ప్రార్థన కూటం ముగిశాక, బిల్డింగు మెట్ల మీద మా ఇద్దరికీ టీ ఇచ్చి, అన్న మాట మొత్తం విన్నాడు. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"లైసెన్సు తీసుకుంటే తప్పేముంది పెద్దన్నా?" అన్నాను, నాటు సంగతి అన్న మనసులోంచి పక్కకు జరగాలని.

"తీసుకోవచ్చు. ముందు లైసెన్సు, తర్వాతే తుపాకీ. కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాలి. స్టేషన్‌వాళ్ళు ఊళ్ళోకొచ్చి అడుగుతారు. ఎందుకు, ఎవరితో గొడవ, ఎక్కడ దాస్తావు, ఇంకొకడి చేతికి అందకుండా ఎలా పెడతావు. డాక్టరు కాగితం కావాలి, పట్టుకోవడం నేర్చుకున్నట్టు కాగితం కావాలి. ఇన్నీ ఇచ్చినా ఇస్తారని లేదు. నీ సెలవు ఎన్ని రోజులు తమ్ముడూ?"

"ముప్పై."

"అర్జీ బల్ల దాటదు."

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇస్తరే అనుకో. ఇంట్ల వెట్టి వస్త. నా భార్య దగ్గరుంటది."

"ఉండదు. లైసెన్సు మనిషికి ఇస్తారు గానీ ఇంటికివ్వరు. నీ భార్య ముట్టుకుంటే ఆమె మీద కేసు. నువ్వు దేశం దాటేముందు స్టేషన్‌లోనో లైసెన్సున్న షాపులోనో అప్పజెప్పి రావాలి." జేబులోంచి ఫోను తీశాడు. ఒక ఫొటో చూపించాడు. ముద్ర వేసిన పసుపుపచ్చ కాగితం. "ఇదే నా తుపాకీ. రసీదు. ఏళ్ళ తరబడి ఇదే పట్టుకుని తిరుగుతున్నా."

నాకు నవ్వు రావాల్సిన చోటే అది. రాలేదు.

"నాటుదైతే?" అని అన్న గొంతు తగ్గించి అడిగాడు.

"దొరికితే జైలు. కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు కదలదు. అప్పుడు ఊళ్ళోనే ఉండిపోతావు తమ్ముడూ. కానీ పొలం దగ్గర కాదు."

బస్సులో అన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. గదికి రాగానే వదినకు ఫోను చేశాడు. నన్ను లేవనివ్వలేదు, స్పీకర్‌లో పెట్టాడు. జరిగినదంతా, నాటు తుపాకీ సంగతితో సహా, ఒప్పుకున్నట్టు చెప్పాడు. 

"నువ్వు నెల ఉండి వోతవు," అంది వదిన. "ఎనుక వాడు నా ముంగటికే వస్తడు. అది నేనెక్కడ దాసుకోవాలె? బియ్యంలనా?"

"మరేం జెయ్యమంటవే?"

"సర్వే జెయ్యమని అర్జీ ఇయ్యాలె. పొలం నీ పేరు మీదున్నది, సంతకం నీది గావాలె. వాడు హద్దుకాడ లొల్లి షురూ జేసిండని పోయినసారి వచ్చినప్పుడే చెప్పిన. సుట్టాలిండ్లు తిరుగుడుకే సరిపాయె నీకు."

 మేం ఇద్దరం ఫోను వైపే చూస్తూ ఉన్నాం. వదిన ఫోను పెట్టేసింది.

ప్రయాణం రోజు కార్టన్‌కు తాళ్ళు నేనే బిగించాను. పేరు, ఊరు, జిల్లా పెద్ద అక్షరాలతో రాసేది కూడా నేనే. బడి మానేసినా గదిలో నా రాతే గుండ్రం. మామూలుగా ఎవరి కార్టన్ మీదైనా ఒక మూల ఏదో పరాచికం రాస్తాను. ఆ రోజు రాయలేదు. ఊళ్ళో మాట్లాడి పెట్టుకున్నవాడి సంగతి ఏం చేశావని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన చెప్పలేదు. అరాద్ దాటి విమానాశ్రయం దగ్గర దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "పోయొస్త తమ్మీ," అన్నాడు. అంతే.

ఆ నెలంతా గదిలో ఎవరికి ఊరినుంచి ఫోను వచ్చినా, చేస్తున్నది ఆపి చెవి పెట్టేవాణ్ణి. రెండుసార్లు అన్నతోనే మాట్లాడాను. పక్కన మనుషులున్నారు, ముక్తసరిగా మాట్లాడాడు. ఆ మూడు స్పాంజి పిస్తోళ్ళు నా మంచం కింద ఉండేవి. తీసి పారేయడానికి కూడా చేతులు రాలేదు.

ముప్పై రోజులు కాగానే అన్న తిరిగొచ్చాడు. సకినాల డబ్బా విప్పి గదిలో అందరికీ పంచాడు. తర్వాత నన్ను బయట నీళ్ళ ట్యాంకు పక్కకు తీసుకెళ్ళాడు.

"కొనలే," అన్నాడు మొదట. నేను అడగకముందే.

తర్వాత మెల్లగా చెప్పాడు. "సర్వేయర్ వచ్చిండు. కొలిసిండు. రాళ్ళు మల్ల వాటి జాగకే పోయినయి. బోరు మా దిక్కే వడ్డది. అప్పుడు వాడు గడ్డపార ఎత్తిండు తమ్మీ. నా మీదికే."

"నువ్వేం చేశావన్నా?"

"నా చెయ్యి నడుముకాడికి వోయింది. నేను పంపలే. దానంతటదే వోయింది."

గదిలో పదిసార్లు దోపుకుని, తీసి చూసిన చోటు అది. ఆ చేతికి అక్కడికి వెళ్ళడం నేర్పింది నేనే.

"ఏముంది అక్కడ?"

"ఏమున్నది. రుమాలు."

ట్యాంకు నుంచి నీటి చుక్కలు సిమెంటు మీద పడుతున్నాయి. అన్న వాటి వైపు చూస్తూ అన్నాడు:

"వాడు ఎత్తిండు, మల్ల వాడే దించిండు. ఎవ్వరు ఆపలే. ఒక్క గడియ, అంతనే. దించి, కూసొని ఏడ్సిండు. నా దగ్గర ఉండి ఉంటే గా గడియ ఆగకపోదును."

నేనేదో ఒకటి అనాలని ఆయన ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. ఏ మాటైనా, ఇద్దరం తేలికపడేది.  చివరికి, సకినాలు అయిపోతాయి పద, అని ఆయనే నన్ను లోపలికి తీసుకెళ్ళాడు.

మర్నాడు ఆ మూడింటినీ షాపుకు పట్టుకెళ్ళాను. రెక్సిన్ ఒలిచాను. స్పాంజిని బ్లేడుతో చిన్న చిన్న ముక్కలుగా కోశాను. ఆ రోజు ఒక పాత కారు డ్రైవరు సీటుకు, తల ఆనించుకునే దిండు కుట్టే పని ఉంది. ముక్కలన్నీ దాంట్లో కూరి, మూతి కుట్టేసి, అరచేత్తో నొక్కి చూశాను. మెత్తగా, సమంగా ఉంది.