కోపమున్న చేతికి పాలు రావు

మొన్న బస్సు మారడానికి అఫ్జల్‌గంజ్‌లో దిగి నడుస్తూ, పశువుల దాణా అమ్మే ఒక దుకాణం ముందు ఆగిపోయాను. హమాలీ ఒకతను పత్తిగింజల చెక్క బస్తా కుట్టు విప్పుతున్నాడు. ఆ జిడ్డు వాసన, కాస్త తీపిగా, కాస్త ముక్కిపోయినట్టుగా ముక్కుకు తగలగానే కార్వాన్‌లో యాదమ్మక్క కొట్టం, అక్కడి తడి నేల, బర్రెల వేడి ఊపిరి ఒక్కసారి మీదికి వచ్చినట్టయింది. యాదమ్మక్క పోయి రెండు వానాకాలాలు దాటాయి. కొట్టం ఉన్నచోట ఇప్పుడు అద్దె ఇళ్ళు లేచాయి. అయినా ఈ మధ్య ఆమె నా మనసులోంచి కదలడం లేదు. నా కూతురు సుజాత నన్నొక మాట అడిగింది. దానికి నేనింకా జవాబు చెప్పలేదు.

సుజాత కూతురు చిన్ని ఒకటో తరగతి చదువుతోంది. కోపం వస్తే చేతిలో ఏదుంటే అది విసిరేస్తుంది. పోయిన వారం బళ్ళో పక్క పిల్లను పెన్సిల్‌తో పొడిచింది. టీచరమ్మ సుజాతను పిలిపించి, ఇంకోసారి ఇలా జరిగితే పిల్లను ఉంచుకోవడం కష్టమని చెప్పింది. ఆ సాయంత్రం కిషన్‌బాగ్‌లోని మా ఇంటి గడప మీద కూర్చుని సుజాత, "అమ్మా, నాకు పెద్దమ్మ నేర్పినట్టు దీనికి నువ్వు నేర్పరాదు?" అంది. పెద్దమ్మ అంటే యాదమ్మక్కే. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. యాదమ్మక్క నేర్పింది నా బిడ్డకు మేలు చేసిందో కీడు చేసిందో నాకే తేలడం లేదు. రాస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను.

నేను పెళ్ళయి కార్వాన్‌కు వచ్చేనాటికే యాదమ్మక్క కొట్టం నిండా బర్రెలు ఉండేవి. భర్త చిన్న వయసులోనే పోతే, ఒక్క కొడుకును పెట్టుకుని పాల వ్యాపారం తానే నడిపింది. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ దవడలో వక్కతో ఉండేది. గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు. నేను ఆమె దగ్గర పేడ తీసే పని, బర్రెలు కడిగే పని చేసేదాన్ని. నా భర్త బేగంబజార్‌లో మూటలు మోసేవాడు. సుజాత మాకు ఒక్కతే. ఏడేళ్ళ వయసులో దానికి కోపం వస్తే కొరికేది. బళ్ళో కొరికేది, గల్లీలో కొరికేది, ఒకసారి నా మోచేతిని కొరికింది. కొట్టి చూశాను, బతిమాలి చూశాను, దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాను. చివరికి బడివాళ్ళు ఇంకోసారి కొరికితే పిల్లను తీసుకుపొమ్మన్నారు. మా స్తోమతకు తగిన బడి అదొక్కటే. నేను ఎక్కలేని బడి మెట్లు నా బిడ్డ ఎక్కిందన్న సంతోషం కూడా పోతుందని పేడ తట్ట పక్కన కూర్చుని ఏడ్చాను. యాదమ్మక్క చూసింది. ఓదార్చలేదు. పొద్దుగూకే వేళకు ఆ పిల్లను తోలుకరమ్మని మాత్రం చెప్పింది.

సుజాత ఆ రోజు ఏడ్చుకుంటూ, అరుచుకుంటూనే కొట్టంలోకి వచ్చింది. యాదమ్మక్క దాన్ని ఊరుకోమనలేదు. గౌరి అనే బర్రె పక్కన గంప బోర్లించి కూర్చోబెట్టి, బర్రె డొక్క మీద చెయ్యి పెట్టుకొమ్మంది. దుడ్డెను వదిలి నాలుగు గుక్కలు తాగనిచ్చి, పక్కకు కట్టేసి, పొదుగు కడిగి పిండటానికి కూర్చుంది. సుజాత అరుపులకు గౌరి చెవులు నిలబెట్టింది. తోక విసిరింది. పాలు ఎగబట్టింది. బర్రె పాలు వదలకుండా లోపలే పట్టుకోవడాన్ని మేము అలా అంటాం. యాదమ్మక్క ఖాళీ బకెట్ వంచి సుజాతకు చూపించింది.

"జూడు బిడ్డా, చుక్క లేదు. నువ్వు ఒర్రితే గౌరికి భయమైతది. భయమైతే ఇయ్యది. నీ ఒర్రుడు అయినంక చెప్పు, నేను కూసుంట."

అని వక్క నోట్లో వేసుకుని నిజంగానే కూర్చుంది. బయట గిన్నెలు పట్టుకుని జనం నిలబడ్డారు. వాళ్ళలో మేము ఖాలా అని పిలిచే ఒక ముస్లిం పిన్నమ్మ చాయ్‌కి ఆలస్యమవుతోందని గొణిగితే, యాదమ్మక్క లోపలి నుంచే "ఠైరో ఖాలా, బచ్చీకా గుస్సా ఉతర్నే దేవ్" అంది. పిల్ల కోపం దిగేదాకా పాలు లేవన్న మాట విని ఖాలా నవ్వింది, మిగతా వాళ్ళూ నవ్వారు గానీ ఎవరూ వెళ్ళిపోలేదు. సుజాత అరిచి అరిచి అలసిపోయింది. దాని చెయ్యి బర్రె డొక్కతో పాటు పైకీ కిందికీ కదలడం నేను చూశాను. కాసేపటికి యాదమ్మక్క మళ్ళీ పొదుగు నిమిరి పిండితే మొదటి ధార సుర్రున బకెట్‌లో పడింది. సుజాత కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసింది. ఆ పాలు తానే ఇప్పించానని అది అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

అప్పటినుంచి రోజూ సాయంత్రం అది అక్కడే. నెమ్మదిగా కొరకడం తగ్గింది. బళ్ళో వాళ్ళు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాకు ఆశ పుట్టి, ఈ విద్య ఇంట్లో కూడా నడపాలనుకున్నాను. ఇంట్లో బర్రె లేదు గదా. కోపం వచ్చినప్పుడల్లా సుజాతను గోడకు చెయ్యి పెట్టించి నిలబెట్టాను. అది కాసేపు నిలబడి, "అమ్మా, గోడ పాలిస్తదా?" అని అడిగింది. ఈ సంగతి చెబితే యాదమ్మక్క పొలమారేలా నవ్వింది. "గోడకేం ఎరుకనే బాలమ్మా, దానికి భయమైతదా, ఏమైతది? ప్రాణమున్నదాని మీద చెయ్యి పెడితేనే మన చెయ్యి ఎట్లున్నదో మనకు తెలుస్తది" అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థమైనట్టే అనిపించింది.

ఆమెకు కోపం రాదని కాదు. ఒకనాడు దాణా సేటు చెక్కలో ఇసుక కలిపి పంపాడు. ఆమె అతని దుకాణానికి వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడిందో తెలియదు, తిరిగి వచ్చేసరికి ముక్కు పుటాలు అదురుతున్నాయి. పాలు పిండే వేళయింది. ఆమె బకెట్ ఎత్తింది, మళ్ళీ దించింది. నన్ను పిలిచి, "నా చేతిల కోపమున్నది, ఇయ్యాల నువ్వు పిండు" అని బకెట్ నా చేతికిచ్చి, వాకిట్లోకి పోయి నిలబడింది. అందులో సిగ్గుపడాల్సిందేదో ఉందన్నట్టు ఆమె ముఖంలో కనిపించలేదు. సుజాత అదంతా చూస్తూనే ఉంది. ఆ తర్వాత దానికి కోపం వస్తే చేతిలో ఉన్నది పలకో, చీపురో, నా చేతికిచ్చి బయటికి పోయేది. మేము దాన్ని చూసి మురిసిపోయేవాళ్ళం. బయటికి పోయిన యాదమ్మక్క అక్కడ నిలబడి ఏం చేసేదో ఎవరమూ వెళ్ళి చూడలేదు.

నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక. బస్తీలో ఆడవాళ్ళకు పెట్టిన చదువుల తరగతికి సుజాతే నన్ను తీసుకుపోయింది, ఇంట్లో కూడా తనే కూర్చోబెట్టి దిద్దించేది. పేడ తీసిన వేళ్ళకు బలపం నిలిచేది కాదు. వంకర గీత చూసి నాకు ఒళ్ళు మండి ఒకసారి పలక విసిరేశాను. సుజాత పలక తెచ్చి, బలపం నా వేళ్ళలోంచి తీసుకుని, తానే వరుసగా కొన్ని అక్షరాలు రాసి, "జెరసేపు నేను రాస్త, నువ్వు సూడు" అంది. నాకు ఊపిరి కుదురుకున్నాక బలపం తిరిగి ఇచ్చింది. ఈరోజు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ ఓపిక వల్లనే. అది యాదమ్మక్క కొట్టంలో పుట్టిన ఓపిక. ఇంతవరకు నాకు ఏ సందేహమూ లేదు.

సందేహం తర్వాత మొదలైంది. సుజాత ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. అక్కడ చీరలు తగ్గాయని సూపర్‌వైజర్ అందరి ముందూ దీన్ని దొంగ అన్నాడట. అసలు తీసింది ఎవరో దీనికి తెలుసు. అయినా ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నది. ఎందుకు అడగలేదే అంటే, "ఇప్పుడు కోపంల ఉన్నమ్మా, రేపు మాట్లాడుత" అంది. రేపూ మాట్లాడలేదు, ఆ మరునాడూ మాట్లాడలేదు. చివరికి చెప్పాపెట్టకుండా పని మానేసింది. నేను మెచ్చుకోవాలో తిట్టాలో తెలియక యాదమ్మక్క దగ్గరికి పోయి అడిగాను. ఆమె దుడ్డె వీపు గోకుతూ, "పాలు పిండుకునే యాళ్ళకు కోపం వద్దన్న గానీ, ఎప్పటికీ వద్దంటినా?" అని నన్నే అడిగింది. మరి ఎప్పుడు కావాలో ఆమె చెప్పలేదు.

కొన్నేళ్ళకు ఆమె కొడుకు బర్రెలను అమ్మేశాడు. ఊళ్ళో పశువులు పెట్టుకోవడం కష్టమైంది, జాగాకు మంచి ధర వచ్చింది, అతని లెక్కలు అతనివి. బేరగాడు తాళ్ళు విప్పుతుంటే యాదమ్మక్క ఒక్కొక్క బర్రె కొమ్ములకు నూనె రాసి పంపింది. ఇప్పుడైనా ఒర్రుతుందని నేను కాచుకుని ఉన్నాను. ఆమె ఒర్రలేదు. నూనె గిన్నె కోడలి చేతికిచ్చి వాకిట్లోకి పోయింది. నిగ్రహమంటే అదేనా, లేక చేసేదేమీ లేక ఊరుకోవడమా? బయటి నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి.

చివరి ఏడాది ఆమెకు మతి తప్పింది. మనుషులను గుర్తుపట్టేది కాదు. కోపం మాత్రం వచ్చింది. అది ఎలాంటి కోపమంటే, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. కొడుకును, ఎప్పుడో పోయిన మొగుణ్ణి, దాణా సేటును, పేరు పేరునా తిట్టేది. కంచాలు విసిరేది. కోడలు కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఇన్నేండ్లు ఒక్క మాటనలే అత్తా, గిదంతా యాడ వెట్టుకున్నదో" అంది. నేనూ సుజాతా చూడటానికి వెళ్ళినప్పుడు గ్లాసు విసిరితే సుజాత భుజానికి తగిలింది. సుజాత లేవలేదు. గ్లాసు తీసి ఆమెకు అందేంత దూరంలోనే పెట్టింది. ఆమె మళ్ళీ విసిరింది, ఇది మళ్ళీ తెచ్చి పెట్టింది. ఆమె అలసిపోయేదాకా ఆ పని సాగింది. తిరిగి వస్తూ ఆటోలో సుజాత కళ్ళు తుడుచుకుంటోంది. బాధపడుతోందనుకున్నాను. "పెద్దమ్మ తిడుతుంటే నాకు మంచిగనిపించిందమ్మా" అంది. అలా ఎందుకనిపించిందో అది చెప్పలేదు, నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇదంతా రాశాక తేలుతుందనుకున్నది తేలలేదు. నిన్న సాయంత్రం చిన్ని మళ్ళీ కంచం విసిరింది. సుజాత వంటింట్లోంచి నా వైపు చూసింది. నేను వెళ్ళి పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాను. చెయ్యి పట్టుకోలేదు, ఊరుకోమనలేదు. ఏం చేయాలో తెలియక కూర్చున్నాను, అంతే. అది ఒర్రి ఒర్రి, ముక్కు చీదుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"అమ్మమ్మా, నీకు కోపం రాదా?"

వస్తుందన్నాను. ఎవరి మీద అని అడిగింది. చిన్నపిల్లకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను గానీ నోట్లోంచి నిజమే వచ్చింది. మా నాయన మీద అన్నాను. తమ్ముణ్ణి బడికి పంపి నన్ను పంపలేదని, తమ్ముడి పుస్తకాల సంచి బడి దాకా నేనే మోసేదాన్నని, అక్కడ దించి తిరిగి వచ్చేదాన్నని చెప్పాను. ఇది నేను నా భర్తకు చెప్పలేదు, సుజాతకూ చెప్పలేదు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

చిన్ని నా దగ్గరికి జరిగింది. "మరి నువ్వు ఒర్రినవా?"

"లేదు బిడ్డా."

"అయితే ఇప్పుడు ఒర్రు."

నవ్వులాటకని నోరు తెరిచాను. గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. ఊపిరి తప్ప చప్పుడు బయటికి రాలేదు. చిన్ని నా నోట్లోకి తొంగి చూసి, నేను ఆట ఆడటం లేదని గ్రహించినట్టుంది, కదలకుండా నా ఎదురుగా కూర్చుంది. సుజాత తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. నా అరుపు కోసం ముగ్గురం అలాగే ఎదురుచూస్తూ ఉన్నాం.